వేడికి డిగ్రీల లెక్క ఒక్కటే చాలదు

ఆరుబయట పనిచేసే కార్మికులను ఎండ నుంచి కాపాడటానికి సింగపూర్ మానవ వనరుల శాఖ 2023 అక్టోబరులో నియమాలను కట్టుదిట్టం చేసింది. పనిచోట గంట గంటకూ వేడి కొలవాలి. కొలిచేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, గాలిలోని తేమ, ఎండ తీవ్రత, గాలి వీచే తీరు కలిపి లెక్కగట్టే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్. కార్మికుల చేత గంటకోసారైనా నీళ్లు తాగించాలి. ఆ కొలత 32 డిగ్రీలు చేరితే బరువు పని చేసేవారికి గంటకు కనీసం 10 నిమిషాలు నీడలో విశ్రాంతి ఇవ్వాలి. వీటి పక్కనే, అంతగా కంటికి ఆనని నియమం మరొకటి ఉంది. దేశానికి కొత్తగా వచ్చిన కార్మికుడికీ, వారం మించి సెలవు మీద వెళ్లి తిరిగొచ్చిన కార్మికుడికీ ఎండలో పనిని ఒక్కసారిగా అప్పజెప్పకూడదు. కనీసం 7 రోజుల పాటు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. వీటన్నిటిలో శాస్త్రానికి అత్యంత దగ్గరగా ఉన్నది ఈ చివరి నియమమేనని నా వాదన. నీళ్లు, నీడ, విశ్రాంతి ఆ పూట వేడిని చల్లారుస్తాయి. ఏడు రోజుల నియమం మాత్రం మన కణాల్లోని జన్యువులు వేడిని ఎదుర్కొనే తీరుకు అనుగుణంగా నడుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎండాకాలం పనుల గురించి ఇన్ని చర్చలు జరిగినా, ఇలాంటి నియమం ఒక్కటీ చట్టంగా రాలేదు. రావాలి. ఎందుకు రావాలో చెప్పాలంటే ముందు కణం లోపలికి వెళ్లాలి.

కణంలో దాదాపు ప్రతి పనీ ప్రొటీన్ల చేతిమీదుగానే జరుగుతుంది. ప్రొటీన్ పనిచేయాలంటే దానికంటూ ఒక మడత, ఒక ఆకారం ఉండాలి. వేడి పెరిగితే ఆ మడత సడలుతుంది. సడలిన ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. ఉడికిన గుడ్డులోని తెల్లసొన మళ్లీ పల్చబడనట్టే, అలా ముద్దకట్టినవి చాలావరకు పాత రూపానికి రావు. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి మాట తడబడి స్పృహ తప్పే స్థితిని వడదెబ్బ అంటాం. అంతదూరం రాకముందే కణాలు తమ ఏర్పాట్లు తాము చేసుకుంటాయి. ఈ సంగతి బయటపడిన తీరు చెప్పుకోదగ్గది. 1960ల మొదట్లో ఇటలీలో ఫెరూచియో రిటోస్సా అనే శాస్త్రవేత్త పండ్ల ఈగల లాలాజల గ్రంథుల్లోని పెద్ద క్రోమోజోములను పరిశీలిస్తుండేవారు. ఈగలున్న పెట్టెలో వేడిని ఎవరో పొరపాటున పెంచారు. క్రోమోజోముల మీద అంతకుముందు లేని చోట్ల ఉబ్బులు కనబడ్డాయి. ఉబ్బు అంటే అక్కడి జన్యువు తెరుచుకుని జోరుగా చదవబడుతోందని గుర్తు. అంటే వేడి తగిలిన నిమిషాల్లోనే కొన్ని జన్యువులు మేల్కొంటున్నాయన్నమాట. ఆ పరిశోధనను ఒక పెద్ద పత్రిక జీవశాస్త్రానికి పనికొచ్చేది కాదని తిప్పిపంపింది. చివరికి 1962లో మరో పత్రికలో వచ్చింది. ఆ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు ఏవో తెలియడానికి 1974 దాకా ఆగాల్సివచ్చింది. అమెరికాలో ఆల్ఫ్రెడ్ టిసియర్ బృందం వాటిని చూపించింది. హీట్ షాక్ ప్రొటీన్లు అన్న పేరు స్థిరపడింది. మన దేశంలోనూ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో సుభాష్ లఖోటియా ఈ ఉబ్బుల్లో ఒకదాని మీద దశాబ్దాల పాటు పనిచేశారు. అక్కడి జన్యువు ప్రొటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏను తయారుచేస్తుంది. వేడికి కణం ఇచ్చే జవాబు ఒక్క ప్రొటీన్లతో అయిపోదని తెలిసింది అలాంటి పరిశోధనల వల్లే.

ఈ జన్యువులను మేల్కొలిపేది హెచ్‌ఎస్‌ఎఫ్-1 అనే ప్రొటీన్. అది ఎప్పుడూ కణంలోనే ఉంటుంది. మామూలు వేళల్లో మాత్రం విడివిడిగా, పనిలేకుండా ఉంటుంది. హీట్ షాక్ ప్రొటీన్లలో ముఖ్యమైన హెచ్‌ఎస్‌పీ-70, హెచ్‌ఎస్‌పీ-90 దాన్ని పట్టి ఉంచుతాయి. ఈ రెండింటి అసలు పని ఇతర ప్రొటీన్ల మడత చెదరకుండా చూడటం. వేడి తగిలి ఎక్కడికక్కడ ప్రొటీన్ల మడతలు సడలడం మొదలైతే, ఇవి వాటిని ఆదుకోవడానికి వెళ్లిపోతాయి. పట్టు వదలడంతో హెచ్‌ఎస్‌ఎఫ్-1 మూడేసి చొప్పున జట్టుకడుతుంది. డీఎన్‌ఏ మీద తనకు తగిన వరసలున్న చోట వెళ్లి అంటుకుంటుంది. అక్కడి జన్యువులు జోరందుకుని కొత్తగా హెచ్‌ఎస్‌పీ-70 లాంటి ప్రొటీన్లను కుప్పలు తెప్పలుగా తయారుచేయిస్తాయి. సడలిన వాటన్నిటినీ సరిదిద్దగా మిగిలినవి తిరిగి హెచ్‌ఎస్‌ఎఫ్-1ను పట్టుకుంటాయి. జన్యువులు సద్దుమణుగుతాయి. ఇందులో ఒక విషయం నాకు మొదటి నుంచీ అబ్బురంగానే ఉంది. కణం దగ్గర ఉష్ణోగ్రతను కొలిచే పరికరమంటూ విడిగా ఉండనక్కర్లేదు. ఎంత వేడి తగిలిందన్నది కాకుండా ఎంత నష్టం జరిగింది, సరిదిద్దే బలగం ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి అది జన్యువులను నడుపుతుంది. బలగం నిండుగా ఉన్న కణానికి ఒక మోస్తరు వేడి ఆపద కాదు. బలగం లేని కణానికి అదే వేడి పెద్ద ఆపద.

ఈ ఏర్పాటు ఎంత ముందుచూపుతో ఉందో మరో రెండు సంగతులు చెబుతాయి. జన్యువును చదివే పాలిమరేజ్ అనే ఎంజైము, ఈగల హెచ్‌ఎస్‌పీ-70 జన్యువు మీద వేడి తగలకముందే ఎక్కి కూర్చుని, కొద్ది అక్షరాలు చదివి ఆగిపోయి ఉంటుంది. అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో జాన్ లిస్ బృందం 1980ల్లో దీన్ని చూపించింది. హెచ్‌ఎస్‌ఎఫ్-1 వచ్చి అంటుకోగానే ఆ ఆగిన ఎంజైము కదులుతుంది. అందుకే జవాబు నిమిషాల్లో వస్తుంది. రెండోది, మన జన్యువుల్లో చాలావాటిని చదివాక మధ్యమధ్య పనికిరాని ముక్కలను కత్తిరించి అతకాలి. తీవ్రమైన వేడికి ఆ కత్తిరింపు పనే దెబ్బతింటుంది. హెచ్‌ఎస్‌పీ-70 జన్యువులో అలాంటి ముక్కలే లేవు కాబట్టి కత్తిరింపు ఆగినా దాని పని ఆగదు. అయితే ఈ సన్నద్ధతకు మూల్యం ఉంది. వేడి తగిలిన కణంలో కొన్ని వందల జన్యువులు జోరందుకుంటుంటే వేలాది జన్యువుల చదువు తగ్గిపోతుందని, ఎలుక కణాల మీద అదే లిస్ బృందం 2016లో ప్రకటించిన పరిశోధన చూపింది. పెరుగుదల, కణ విభజన, రోజువారీ పనులు వెనకపడతాయి. ఇది ఆపద్ధర్మం. దీని మీద ఆధారపడి ఏ కణమూ రోజంతా, నెలంతా బతకలేదు. వయసుతో పాటు ఈ స్పందన బలహీనపడుతుందన్నది జంతువుల్లో పదేపదే కనబడిన విషయం. యాభై దాటిన కూలీనీ ఇరవై ఏళ్ల కుర్రాడినీ ఒకే ఎండలో ఒకే పనికి నిలబెట్టడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక నా వాదనకు ఆయువుపట్టు లాంటి అంశానికి వస్తాను. ఈ వ్యవస్థకు గతం గుర్తుంటుంది. ఒక మోస్తరు వేడిని చవిచూసి కోలుకున్న కణం, ఆ తర్వాత అంతకన్నా తీవ్రమైన వేడిని తట్టుకుంటుంది. అంతకుముందు వేడి తెలియని కణం అదే వేడికి చచ్చిపోతుంది. ఇది బాక్టీరియా నుంచి మనిషి కణం దాకా కనబడుతుంది. కాలిఫోర్నియా తీరంలో ఒక రకం చేప మీద డీట్జ్, సొమెరో 1992లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, హీట్ షాక్ ప్రొటీన్ల తయారీ పెరిగే ఉష్ణోగ్రత చలికాలం చేపలో ఒకటి, వేసవి చేపలో ఒకటి. జాతి ఒకటే, జన్యువులూ అవే, స్పందన మొదలయ్యే హద్దు మాత్రం మారింది. జెరూసలేంలో మిహాల్ హొరోవిట్జ్ ప్రయోగాలు ఇంకా లోతుకు వెళ్లాయి. ఎలుకలను నెల రోజులు 34 డిగ్రీల్లో ఉంచితే వాటి కణాల్లో హెచ్‌ఎస్‌పీ-70 నిల్వలు పెరిగాయి. మరో నెల చల్లటి చోట ఉంచితే ఆ అలవాటు తగ్గిపోయింది. కానీ మళ్లీ వేడికి తెచ్చినప్పుడు నెల అవసరం లేకపోయింది, రెండు రోజుల్లోనే పాత సత్తువ తిరిగొచ్చింది. కారణం వెతికితే, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద, సరిగ్గా హెచ్‌ఎస్‌ఎఫ్-1 వచ్చి అంటుకునే చోట్ల, రసాయన గుర్తులు మిగిలి ఉన్నాయి. జన్యువు మారలేదు, దాన్ని తెరిచే తీరు మారింది. మనుషుల్లోనూ ఈ దిశగా ఆధారాలున్నాయి. అమెరికా సైన్యపు పరిశోధకులు 2008లో ప్రకటించిన అధ్యయనంలో, 10 రోజులు వేడిలో వ్యాయామం చేయించాక వలంటీర్ల తెల్ల రక్తకణాల్లో హెచ్‌ఎస్‌పీ-72 (హెచ్‌ఎస్‌పీ-70 కుటుంబంలోనిదే), హెచ్‌ఎస్‌పీ-90 నిల్వలు పెరిగాయి. రక్తాన్ని బయటకు తీసి వేడిచేసినప్పుడు ఆ కణాలు మునుపటంత కంగారు పడలేదు. నిల్వ ఉంది కాబట్టి కంగారు అక్కర్లేకపోయింది. వీటన్నిటి నుంచి తేలేది ఒకటే. ఫలానా డిగ్రీలు దాటితే ప్రమాదం, దాటకపోతే క్షేమం అనే గీత అందరికీ ఒకేచోట ఉండదు. ఆ మనిషి గత వారం రోజులు ఎక్కడ గడిపాడన్నదాన్ని బట్టి గీత జరుగుతుంది.

కణాలను పక్కనపెట్టి చావుల లెక్క చూసినా ఇదే కనబడుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 1920ల నుంచి వడదెబ్బ చావులు నమోదవుతూ వచ్చాయి. లోతు పెరిగేకొద్దీ గనిలో వేడి, తేమ పెరిగేవి. ఎక్కువగా చనిపోయింది కొత్తగా దిగినవారు, ఊరెళ్లి తిరిగొచ్చినవారు. గని వైద్యుడు ఆల్డో డ్రియోస్టి 1930ల్లో కొత్తవారిని కొద్దికొద్దిగా వేడికి అలవాటు చేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. హెచ్‌ఎస్‌ఎఫ్-1 పేరు అప్పటికి పుట్టనే లేదు. అయినా శరీరం ఎలా నేర్చుకుంటుందో ఆయన చూపు పట్టుకుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పనిచోట వేడి వల్ల జరిగే మరణాల్లో 70 శాతానికి పైగా మొదటి వారంలోనే జరుగుతున్నాయి. అందుకే అక్కడ కొత్త కార్మికుడికి తొలి రోజు పూర్తి పనిలో 20 శాతం, ఆపై రోజుకు మరో 20 శాతం చొప్పున పెంచాలనే సలహా ఉంది. గనుల్లో గానీ పొలాల్లో గానీ చనిపోయినవారు పాతవారి కన్నా బలహీనులేమీ కారు. చాలామంది వయసులో ఉన్నవారే. పాతవారి పక్కన నిలబడి, అదే వేడిలో, అంతే పని చేశారు. తేడా రోజుల్లోనే ఉంది.

దీనికి శరీరశాస్త్రం తెలిసినవారు లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది, అది బలమైనది. మనిషి వేడికి అలవాటు పడటంలో పెద్ద పాత్ర చెమటది, రక్తంలో ద్రవం పెరగడానిది, గుండె వేగం తగ్గడానిది. కణంలోని ప్రొటీన్లకు ఇంత పీట వేయడం అతిశయోక్తి అంటారు వారు. మొదటి సగం నేనూ ఒప్పుకుంటాను. బయటకు కనబడే మార్పుల్లో చెమటదే పైచేయి. కానీ చెమట, రక్తం, గుండె సర్దుకోవడానికి పట్టేది కూడా వారం నుంచి రెండు వారాలే. కాబట్టి ఏడు రోజుల నియమం ఆ దారిన వెళ్లినా నిలుస్తుంది. రెండో సగంతోనే నాకు పేచీ. చెమట చర్మాన్ని చల్లబరుస్తుంది, అది చల్లబరచలేని మిగులు వేడిని భరించాల్సింది కణమే. 2011లో ప్రకటించిన ఒక చిన్న ప్రయోగంలో, ఏడు రోజులు వేడికి అలవాటు చేస్తూ కొందరికి హీట్ షాక్ స్పందనను అణిచే క్వెర్సెటిన్ ఇచ్చారు. వారిలో హెచ్‌ఎస్‌పీ-70 పెరుగుదల తగ్గింది, పేగు గోడకు దక్కాల్సిన రక్షణా అంతగా దక్కలేదు. వడదెబ్బలో ప్రాణం మీదికి తెచ్చే అంశాల్లో పేగు గోడ చిల్లుపడి లోపలి విషాలు రక్తంలో కలవడం ఒకటి. కొద్దిమంది మీద చేసిన ప్రయోగమే, దాంతోనే అంతా రుజువైందని అనను. అయినా చెమట కథ ఒకటీ కణం కథ మరొకటీ కాదని, రెండూ ఒకే వారంలో జతగా నడుస్తాయని అనుకోవడానికి అది బలమైన కారణం.

మన దగ్గర ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది. రామగుండంలో, ఖమ్మంలో 45 డిగ్రీల ఎండలో పుట్టి పెరిగినవాడికి అంత ఎండ ఎరుగని సింగపూర్‌లో అలవాటు పడటమేమిటని. ఆ నగరంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. 1983లో ఒకసారి, 2023 మే నెలలో మరోసారి. కానీ అక్కడి గాలిలో తేమ ఏడాది పొడవునా సగటున 80 శాతానికి పైనే. మన ఎండలో చెమట పట్టీపట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. అక్కడి ఉక్కలో చెమట కారిపోతుందే గానీ ఆరదు. పొడి వేడికి అలవాటు పడిన ఒళ్లు తేమ వేడికి మళ్లీ కొత్తదే. పైగా అలవాటు శాశ్వతం కాదు. వేడి తగలని ప్రతి రోజుకూ అలవాటులో సుమారు రెండున్నర శాతం చొప్పున కరిగిపోతుందని పరిశోధనలన్నిటినీ కలిపి 2018లో వేసిన లెక్క ఒకటుంది. జగిత్యాల నుంచో శ్రీకాకుళం నుంచో సింగపూర్ వెళ్లిన వెల్డరు సంక్రాంతికి ఇంటికొచ్చి, నెల రోజులు చలిలో గడిపి తిరిగి విమానం ఎక్కితే, అతనిలో సగానికి సగం కన్నా ఎక్కువ అలవాటు పోయి ఉంటుంది. అతని అనుభవం, నైపుణ్యం అలాగే ఉంటాయి. మేస్త్రీ కూడా పాతవాడే కదా అని మొదటి రోజే పూర్తి పని అప్పజెబుతాడు. సింగపూర్ నియమం సెలవు మీద వెళ్లొచ్చినవారినీ కలుపుకోవడంలోని విజ్ఞత ఇదే. పాత కార్మికుడు అనే మాటకు కణం దగ్గర విలువ లేదు, నిన్నా మొన్నా ఎక్కడున్నాడన్నదానికే ఉంది. ఎలుకల ప్రయోగం సూచించినట్టు తిరిగి అలవాటు పడటం మొదటిసారి కన్నా త్వరగా జరగవచ్చు. ఆ వెసులుబాటు కోసం కూడా కొద్ది రోజులు ఇవ్వాల్సిందే.

ఇదే శాస్త్రాన్ని కార్మికుడి మీదికి తిప్పే ప్రమాదమూ ఉంది, నాకు అసలు ఆందోళన దాని గురించే. కణాలు వేడికి అలవాటు పడతాయి కదా, ఇక విరామాలు, నీడలు ఎందుకని అడిగేవారు అడుగుతారు. పైన చెప్పిన మూల్యమే వారికి జవాబు. హీట్ షాక్ స్పందన నడుస్తున్నంతసేపూ కణం తన మిగతా పనులను వెనక్కి నెడుతోంది. నిల్వలు పెరిగిన కణానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక జన్యువులు ఎంత జోరుగా పనిచేసినా మడత విప్పుకుపోయే వేగాన్ని అందుకోలేవు. అలవాటు గీతను కొంచెం జరుపుతుంది, చెరపదు. మరి కొందరు ఇంకో అడుగు వేసి, రక్తపరీక్షలో ఈ ప్రొటీన్లను కొలిచి, వేడిని తట్టుకునేవారినే పనిలోకి తీసుకుంటే సరిపోతుంది కదా అనవచ్చు. ఇది శాస్త్రం పేరుతో చేసే అన్యాయం అవుతుంది. ఈ నిల్వలు పుట్టుకతో వచ్చిన కొలతలు కావు, రోజులను బట్టి మారేవి. ఇవాళ తక్కువ ఉన్నవాడికి వచ్చే వారం ఎక్కువ ఉంటాయి, ఆ వారం అతనికి దక్కితే. పరిశోధన చెబుతున్నది పనిచోటును సరిదిద్దమని, మనుషులను ఏరివేయమని కాదు.

ఖర్చు సంగతి కాంట్రాక్టర్లు తప్పక ఎత్తుతారు. సింగపూర్‌లో వర్క్ పర్మిట్ మామూలుగా రెండేళ్ల దాకా ఇస్తారు. రెండేళ్లలో ఏడు రోజులంటే దాదాపు ఒక్క శాతం. ఆ ఏడు రోజులూ పని పూర్తిగా ఆగదు, తగ్గుతుంది అంతే. మిగతా సమయాన్ని భద్రతా శిక్షణకు, నీడపట్టున చేసే పనులకు వాడుకోవచ్చు. తెలంగాణ నుంచి వేలాదిమంది వెళ్లే ఖతార్ 2021లో ఇంకా కఠినమైన దారి పట్టింది. వెట్ బల్బ్ గ్లోబ్ కొలత 32.1 డిగ్రీలు దాటితే ఆరుబయట పని ఆపేయాల్సిందే. ఎడారి దేశపు పరిస్థితి వేరు, భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా ఒకేలా ఉండే సింగపూర్ పరిస్థితి వేరు. అక్కడ అదే గీత పెడితే ఎన్నో మధ్యాహ్నాలు పని సాగదు. అందుకే ఆ దేశం ఆపడం కన్నా విరామాలతో నడపడాన్ని ఎంచుకుంది. ఆ ఎంపికను నేను తప్పుపట్టను. అలా ఎంచుకున్నప్పుడు అలవాటు నియమాన్ని కాగితం మీద కాక పనిచోటులో అమలుచేయాల్సిన బాధ్యత రెట్టింపవుతుంది. కొత్తవాడికి ఏ రోజు ఎన్ని గంటల పని ఇచ్చారో రాసి ఉంచకపోతే ఆ నియమం జరిగిందో లేదో చూడటానికి దారే ఉండదు.

సింగపూర్ నియమాల్లో నాకు కొరతగా అనిపించేది రాత్రి. సడలిన ప్రొటీన్లను సరిదిద్దడానికి కణానికి శక్తి కావాలి, సమయం కావాలి, వేడి తగ్గాలి. మూడూ దొరికేది నిద్రలోనే. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్న చోట రాత్రి ఉష్ణోగ్రత 23 డిగ్రీల కిందికి దిగేది తక్కువ. వలస కార్మికులు ఉండేది పెద్ద పెద్ద వసతి గృహాల్లో, ఒకే గదిలో పలువురు కలిసి. 2020లో కోవిడ్ ఆ వసతి గృహాల్లో చెలరేగాక ప్రభుత్వం కొత్త ప్రమాణాలు తెచ్చింది. గదికి 12 మందికి మించకూడదన్నది వాటిలో ఒకటి. ఇరుకు తగ్గించడం అంటువ్యాధి కోసం చేసిన పని. అదే గది రాత్రి ఎంత చల్లబడుతోందన్నది వేడి నియమాల్లోకి రావాలి. పగలు గంటకు 10 నిమిషాల విశ్రాంతిని లెక్కించే చట్టం, రాత్రి ఎనిమిది గంటల విశ్రాంతిని లెక్కించకపోవడం సగం లెక్కే అవుతుంది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జేసన్ లీ నడిపిస్తున్న హీట్‌సేఫ్ అధ్యయనం వేడి కార్మికుల ఆరోగ్యాన్ని, పనిని ఎలా దెబ్బతీస్తోందో చూస్తోంది. ఆ దేశానికి ఈ కొరత తీర్చుకునే స్తోమత, పరిజ్ఞానం రెండూ ఉన్నాయి.

ఇక ఇంటి సంగతి. 2015 మే నెల వడగాలుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి అధికారిక లెక్కల్లోనే వెయ్యి మందికి పైగా పోయారు. తర్వాత రెండు రాష్ట్రాలూ వేసవి కార్యాచరణ ప్రణాళికలు వేసుకున్నాయి. చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పని వేళల మార్పు, హెచ్చరికలు వచ్చాయి. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ఖరారు చేసింది. ఇవి మంచి పనులే. కానీ హెచ్చరికలన్నీ ఉష్ణోగ్రతను చూసి వస్తాయి, పరిహారం మనిషి పోయాక వస్తుంది. కొత్తగా వేడిలోకి వచ్చినవారు వారం పాటు శరీరాన్ని మెల్లగా అలవాటు చేసుకోవాలని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2019 మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. సలహా కాబట్టి ఎవరికీ పట్టలేదు. పొలం పనులు అయిపోయాక ఏప్రిల్ దాకా నీడపట్టున ఉండి, ఉపాధి హామీ పనికి మట్టి తవ్వడానికి దిగే ఆడకూలీ కొత్త కార్మికురాలే. పాలమూరు పల్లె నుంచి హైదరాబాద్ అపార్టుమెంటు పనికి వచ్చి మొదటి రోజే ఇటుకలు మోసేవాడూ అంతే. ఊళ్లో ఎండకు అలవాటు పడినవారే కదా అనే మాట వారిని కాపాడదు. నిన్నటి వారం ఎక్కడున్నారో ఎవరూ అడగడం లేదు కాబట్టి.

ఇది అమలుకాని ఆదర్శమేమీ కాదు. ఉపాధి హామీలో ఒకప్పుడు మన రాష్ట్రాల్లో వేసవి భత్యం ఉండేది. ఎండాకాలంలో తవ్వాల్సిన కొలత తగ్గించి, కూలి మాత్రం పూర్తిగా ఇచ్చేవారు. అంటే వేడిని పని కొలతలోకి తేవడం మన పాలనకు తెలిసిన పద్ధతే. దానికి రోజుల లెక్క జోడించాలి. పది రోజులకు మించి ఎండ పనికి దూరంగా ఉండి వచ్చినవారికి తొలి వారం కొలత సగానికి తగ్గించి మొదలుపెట్టి, మెల్లగా పెంచాలి. నిర్మాణ రంగంలో కార్మిక శాఖ దగ్గర నమోదయ్యే ప్రతి పెద్ద పనిచోటులో కొత్తగా చేరినవారి మొదటి వారపు హాజరు పట్టికను విడిగా ఉంచాలని ఆదేశించాలి. వడదెబ్బ మృతుల వివరాలు రాసుకునేటప్పుడు ఆ మనిషి ఆ పనిలో ఎన్నో రోజున పోయాడన్న గడి ఒకటి కలిపితే, రెండు మూడు వేసవుల్లో మన సొంత లెక్క మన చేతిలో ఉంటుంది. విదేశాలకు కార్మికులను పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, అలాంటి పనే చేసే ఆంధ్రప్రదేశ్ సంస్థలు, ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో సింగపూర్ ఏడు రోజుల నియమాన్ని తెలుగులో చెప్పాలి. దిగిన మొదటి రోజే తనకు పూర్తి పని అప్పజెప్పకూడదని అక్కడి నియమాల్లో రాసి ఉందని విమానం ఎక్కేముందే ప్రతి కార్మికుడికీ తెలియాలి. ఆ నియమాన్ని పాటించమని అడిగినందుకు ఎవరినైనా తిప్పి పంపితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అదే కాగితం మీద ఉండాలి.